విశ్వవిద్యాలయ ఫిలిం సొసైటీ: స్వర్ణోత్సవ స్మృతులు

1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షతన ఫిలిం సొసైటీల సమాఖ్య ఏర్పడిన పిమ్మట దేశమంతట వ్యాపించిన ఉత్తమ చలనచిత్రాభిరుచి, 1974లో హైదరాబాద్ ఫిలిం క్లబ్బుగా రూపుదాల్చగా, ఆ ప్రేరణముననే మన విశ్వవిద్యాలయమునందును ఈ సొసైటీ వెలసెను. స్థాపకులైన మాస్టారు భౌతికశాస్త్రాచార్యులు; ప్రొజెక్టరు బల్బును జేబురుమాలుతో తప్ప ముట్టనిచ్చెడివారు కారు. అనుమతిలేని ప్రదర్శన వారి దృష్టిలో దొంగసొమ్ముతో నడపు అన్నసత్రము.

‘మా భూమి’ ప్రదర్శించిన సాయంకాలము మాత్రము మరపునకు రాదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున తెలంగాణ రైతాంగ పోరాటమును చూపిన చిత్రమనగానే, మా చేవెళ్ల, మొయినాబాదు పల్లెలనుండి మర్రిచెట్ల బాటవెంట బస్సులెక్కి జనము వచ్చిరి. 1957 నాటి కాపీరైటు చట్టపు 52వ సెక్షను విద్యాసంస్థలకిచ్చిన మినహాయింపు అధ్యాపకులకు, విద్యార్థులకు, వారి తలిదండ్రులకు, సంరక్షకులకు, సంస్థ కార్యకలాపములతో సంబంధమున్నవారికి మాత్రమే వర్తించును. కావున తండ్రి లోనికి, చిన్నాయన వెలుపల! “మా అన్న కొడుకు ఈడనే సదువుతుండు సార్” అని ఒక పెద్దాయన పలుమారులు చెప్పినను మాస్టారు తలుపు విడువలేదు. ఆ రాత్రి వారు భోజనమును చేయలేదు.

మరునాటినుండి బహిరంగ ప్రదర్శనకై పాట్లు మొదలాయెను. హక్కుదారుల వ్రాతపూర్వకానుమతి రాగా, సెన్సారు ధ్రువపత్రము ప్రింటుతోనే ఉండగా, 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టము ననుసరించి హాలునకు కావలసిన లైసెన్సు ఫైలు ఒక కార్యాలయమున నెలలతరబడి నిద్రించెను; అగ్నిమాపక బకెట్లలోని ఇసుకను సయితము మాస్టారు జల్లించి నింపిరి. కడకు లైసెన్సు వచ్చెను, తలుపులు తెరచితిమి. కాని మా ఊరివారిలో మరల వచ్చినవారు బహుకొద్దిమంది.

ఆ తరువాతి ఇరువది యేండ్లు వీడియో క్యాసెట్లతో, డిస్కులతో గడచినవి. రీళ్ల డబ్బాలను స్టేషను నుండి మోసిన అటెండర్లకు, తెర కుట్టిన దర్జీకి, చందాలిచ్చిన అధ్యాపక దంపతులకు, హాస్టలు వంటవారికి, రిక్షా కార్మికులకు, కార్యవర్గములన్నింటికి కృతజ్ఞతలు చెప్పుట విధి.

నేటికిని మన ప్రదర్శనలు అధికభాగము ఆవరణలోనివారికే పరిమితములు. బహిరంగ లైసెన్సుకు దరఖాస్తు చేయు ఓపిక మాస్టారితోనే పోయినది. స్వర్ణోత్సవవేళ ఈ ప్రస్తావన వలదని సంచిక కమిటీలో ఒకరు సూచించిరి. ఆ పెద్దాయన మా వీధివాడు కాకున్నచో వారి మాట మన్నించియుందును.