కారు టర్న్ సిగ్నల్ బల్బు: సరైనది ఎంచుకోవడం ఎలా?

సిగ్నల్ వేసినప్పుడు టిక్ టిక్ చప్పుడు మామూలుకన్నా వేగంగా వస్తోందంటే, చాలా కార్లలో ఆ వైపు బల్బు ఒకటి పోయిందని అర్థం. చాలా కార్లలో దాన్ని ఇంటి దగ్గరే, కొద్ది డాలర్లతో మార్చుకోవచ్చు. కాకపోతే సరైన బల్బు కొనాలి. చూడటానికి ఒకేలా ఉన్నవన్నీ ఒకటి కావు.

ఎందుకు అశ్రద్ధ చేయకూడదు?

ఇండియాలో వెనక సిగ్నల్ పసుపు రంగులో ఉంటుంది. అమెరికాలో ఎరుపు కూడా చట్టబద్ధమే. అలా ఎర్ర సిగ్నల్ ఉన్న చాలా కార్లలో బ్రేక్ లైటుకీ సిగ్నల్‌కీ ఒకటే ఫిలమెంటు. అది పోతే ఆ వైపు బ్రేక్ లైటు కూడా పోయినట్టే.

టెక్సస్‌లో సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ను 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. లైట్లు పనిచేయాలన్న చట్టం మాత్రం అలాగే ఉంది. కనుక ఇప్పుడు మనమే చూసుకోవాలి.

1. నంబరు

ముందుగా ఓనర్స్ మాన్యువల్‌లో బల్బుల పట్టిక చూడండి. ముందు, వెనక నంబర్లు వేరుగా ఉండవచ్చు. పాత బల్బు మీద కూడా నంబరు ఉంటుంది కాని, సెకండ్ హ్యాండ్ కారయితే ఇదివరకటి వారు వేరే రకం పెట్టి ఉండవచ్చు. మాన్యువల్ మాటే నమ్మండి.

తరచు కనిపించేవి ఇవి:

- 1156: లోహపు అడుగు, ఒక ఫిలమెంటు. పక్కనుండే రెండు బొడిపెలు ఒకే ఎత్తులో ఉంటాయి.
- 1157: లోహపు అడుగు, రెండు ఫిలమెంట్లు. బొడిపెలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి.
- 3156, 3157: ప్లాస్టిక్ అడుగు. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు ఫిలమెంట్లు.
- 7440, 7443: గాజు అడుగు, జపాన్ కార్లలో ఎక్కువ. 7443కి రెండు ఫిలమెంట్లు.

పార్కింగ్ లైటు, సిగ్నల్ రెండూ ఒకే బల్బులో వెలిగే చోట రెండు ఫిలమెంట్లది కావాలి. సాకెట్లో పట్టకపోతే బలవంతంగా దూర్చకండి.

2. రంగు

ఫెడరల్ ప్రమాణం 108 ప్రకారం ముందు సిగ్నల్ పసుపు రంగులోనే ఉండాలి. లెన్సు తెల్లగా ఉంటే బల్బే పసుపుది కొనాలి. నంబరు చివర 'ఎ' లేదా 'ఎన్ఎ' అక్షరాలు ఉంటే అది పసుపు బల్బు.

3. ఎల్ఇడి పెట్టవచ్చా?

ఎల్ఇడి చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. దాంతో బల్బు పోయిందని కారు పొరబడి, సిగ్నల్ వేగంగా కొట్టుకుంటుంది. దీనికి వాడే రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు తగలకూడదు. పైగా 3157 సాకెట్లలో వైరింగ్ రెండు రకాలు. తప్పు రకం ఎల్ఇడి పెడితే షార్టయి ఫ్యూజు పోవచ్చు. మామూలు బల్బుతో వచ్చిన కారుకి మామూలు బల్బే మేలు. కొత్త కార్లు కొన్నిటిలో ఎల్ఇడి లైటులోనే కలిసి ఉంటుంది. అది పోతే లైటు మొత్తం మార్చాల్సిందే.

4. బిగించేటప్పుడు

లైట్లు ఆపి, బల్బు చల్లారాక గుడ్డతో పట్టుకుని తీయండి. సాకెట్లో చిలుము పట్టినా, ప్లాస్టిక్ కరిగినా కొత్త బల్బు పెట్టి లాభం లేదు, సాకెట్ మార్చాలి. రెండు వైపులా ఒకేసారి మారిస్తే వెలుగు సమానంగా ఉంటుంది.

చివరగా హజార్డ్ లైట్లు వేసి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఇంట్లో ఒకరిని బ్రేక్ తొక్కమని, వెనక నిలబడి చూడండి. నెలకోసారి ఇలా చేస్తే చాలు.