రాశి నుంచి టీఎంసీ దాకా

కల్లంలో పోసిన ధాన్యం రాశిని కుంచంతో కొలవకుండానే లెక్క తేల్చవచ్చని 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో చూపించాడు. రాశి చుట్టుకొలతలో ఆరో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, ఎత్తుతో గుణించాలి. ఎత్తు కొలవడానికి రాశి మీదికి ఎక్కనక్కర్లేదు. లావు గింజలకు చుట్టుకొలతలో పదో వంతు, సన్న గింజలకు పదకొండో వంతు, ముల్లున్న వడ్లలాంటి వాటికి తొమ్మిదో వంతు. ముల్లున్న గింజ తేలిగ్గా జారదు, రాశి నిటారుగా నిలుస్తుంది. చుట్టుకొలత 60 మూరలైతే లావు గింజల రాశి 600 ఘన మూరలు. వ్యాసానికి మూడు రెట్లే చుట్టుకొలత అనుకున్న సూత్రమిది, కాబట్టి అసలుకన్నా ఐదు శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. ఈ లెక్కన అమ్మేవాడు నష్టపోడు!

నాకు ఇందులో గొప్పగా తోచేది సూత్రం కాదు, కొలమానం. పొడవు, వెడల్పు, లోతు మూరేసి ఉన్న పాత్రను మగధ ఖారి అన్నాడాయన. దానిలో పదహారో వంతు ద్రోణం. అంటే కొలపాత్రను మూరకోలతో ముడివేశాడు.

మన ఊళ్ల కొలతల్లో ఆ ముడి లేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. లెక్క నోటికి వచ్చేది గానీ, ఒక ఊరి కుంచం పక్క ఊరి కుంచంతో సరిపోతుందన్న నమ్మకం లేదు. పైగా అంచుకు చదును చేసి కొలవాలా, శిఖరం నిలిచేలా పోయాలా అన్న పేచీ ఒకటి.

1795లో ఫ్రాన్సు ఆ ముడిని చట్టంగా చేసింది. పది సెంటీమీటర్ల ఘనమే లీటరు. 1901లో మాత్రం దారి తప్పి, కిలో నీళ్లు పట్టే చోటే లీటరన్నారు. దాంతో పది లక్షల్లో 28 వంతుల తేడా వచ్చింది. 1964లో మళ్లీ మొదటి నిర్వచనానికే వచ్చారు.

మన దేశంలో 1956లో చట్టం వచ్చింది, 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు మొదలయ్యాయి. ధాన్యం క్వింటాళ్లకు, పాలు లీటర్లకు మారాయి. పిల్లలు తడబడేది ఒక్కచోట: మీటరుకు 100 సెంటీమీటర్లయితే ఘనపు మీటరుకు 100 కాదు, పది లక్షల ఘనపు సెంటీమీటర్లు, అంటే 1,000 లీటర్లు. మూడు వైపులా గుణించాలన్నది మరిచిపోతే అంతా తారుమారే.

నదుల దగ్గర మాత్రం అడుగు కదల్లేదు. అడుగు 0.3048 మీటర్లు, దాని ఘనం 28.3168 లీటర్లు. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ, అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. లక్ష క్యూసెక్కులు, అంటే సెకనుకు లక్ష ఘనపుటడుగులు, రోజంతా పారితే 8.64 టీఎంసీలు. కృష్ణా జలాల్లో 2,060 టీఎంసీలను బచావత్ ట్రిబ్యునల్ మూడు రాష్ట్రాలకు పంచింది, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 800. తగాదాల కాగితాలన్నీ ఆ అంకెల్లోనే ఉన్నప్పుడు కొలమానం మార్చడానికి ఎవరు ముందుకొస్తారు? కేంద్ర జల సంఘం జలాశయాల నిల్వల్ని బిలియన్ ఘనపు మీటర్లలో ఇస్తుంది. వాటిని 35.3తో హెచ్చిస్తే మనకు అలవాటైన టీఎంసీలు వస్తాయి.