రాగిరేకు మీది తేదీ, నక్షత్ర చిత్రం మీది హెడర్

తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం 1022 ఆగస్టు 16, గురువారం నాడు జరిగింది. తొమ్మిది వందల ఏళ్ల తరవాత, 1922లో, రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించిన పెద్దలు ఆ తేదీని నమ్ముకునే పట్టాభిషేక సంచిక వెలువరించారు. ఆ రాజు కోరికపై భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టిన నన్నయ మాత్రం తన కావ్యంలో ఎక్కడా సంవత్సరం వేయలేదు. ఆదికవి కాలం గురించి మనం చెప్పుకునేదంతా ఆ రాజు శాసనాల ఆధారంగా కట్టుకున్నదే. విషయం ఎంత విలువైనదైనా సరే, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్న మూడు ముక్కలు ఒక నిర్ణీత పద్ధతిలో దాని వెంట లేకపోతే తరవాతి తరాలకు అది సగమే అందుతుంది. గోదావరి డెల్టా శాసనకర్తలు ఆచరణలో పాటించిన ఈ నియమాన్నే నేటి ఖగోళ శాస్త్రజ్ఞులు కంప్యూటర్ ఫైళ్లకు విధించుకున్నారని నా అభిప్రాయం.

పట్టాభిషేకం తేదీ దొరికింది గోదావరి డెల్టాలోని కోరుమిల్లి రాగిరేకుల్లో. శాసన పరిశోధకుడు ఫ్లీట్ వాటిని పందొమ్మిదో శతాబ్దంలో ప్రకటించాడు. అందులో సంవత్సరం అంకెల్లో లేదు, మాటల్లో ఉంది: వేదాలు, సముద్రాలు, నిధులు. అంటే నాలుగు, నాలుగు, తొమ్మిది. ఒకట్ల స్థానం నుంచి పేర్చుకుంటూ పోతే శకం 944 వస్తుంది. అంతటితో ఆ శాసనం రచించిన కవి ఆగలేదు. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడనీ, బహుళ విదియ అనీ, ఉత్తరాభాద్ర నక్షత్రమనీ, గురువారమనీ, తులాలగ్నమనీ వరసగా చెప్పాడు. ఇన్ని చెప్పడం వట్టి అలంకారం అనిపించవచ్చు. కానీ లెక్క కట్టేవాడికి ఇవన్నీ ఒకదానికొకటి సాక్ష్యాలు. తిథి, వారం, నక్షత్రం మూడూ కలిసే రోజు కోసం వెతికితే శకం 944లో తేదీ తేలిపోతుంది. కోనసీమలో దొరికిన నందంపూడి శాసనంలో రాజరాజు 32వ రాజ్య సంవత్సరమూ, చంద్రగ్రహణ సమయంలో చేసిన దానమూ ఉన్నాయి. గ్రహణ గణితం 1053 నవంబరు 28 దగ్గర నిలుస్తుంది. ఆ శాసనం రచించినది నన్నయే, రాసినది గండాచార్యుడు; ఇద్దరి పేర్లూ చివర ఉన్నాయి. కావ్యంలో కాలం చెప్పని కవి, శాసనంలో మాత్రం చెప్పాడు. శాసన పద్ధతి అడుగుతుంది కనుక చెప్పాడు.

ఇక ఖగోళ చిత్రాల సంగతి. టెలిస్కోపుకు బిగించిన కెమెరా తీసిన చిత్రం కంప్యూటర్‌కు వట్టి అంకెల బారు. 1981లో వెల్స్, గ్రైజెన్, హార్టెన్ ప్రచురించిన ఫిట్స్ అనే ఫైలు పద్ధతిని మరుసటి ఏడే అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆమోదించింది. ఆ అంకెలకు ముందు, మనిషి కంటితో చదవగల అక్షరాల్లో, హెడర్ ఉండి తీరాలన్నది దాని నియమం. ఒక్కో వరుస 80 అక్షరాలు. పాత పంచ్‌కార్డు కొలత అది. మొదటి 8 గళ్లలో కీవర్డ్, ఆపైన సమానం గుర్తు, విలువ, కావాలంటే ఏటవాలు గీత తరవాత వివరణ. ఏ వస్తువును చూశారో ఆబ్జెక్ట్ చెబుతుంది, ఎప్పుడు చూశారో డేట్-ఆబ్స్ చెబుతుంది. చిత్రం మీద ఏయే సవరణలు జరిగాయో హిస్టరీ వరుసల్లో పేరుస్తారు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లోనూ ఇలాంటి భాగం ఒకటుంది. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఇంద్రభట్టారకుడు 7 రోజులు అంటూ దాతకు ముందు పాలించిన రాజుల పాలనాకాలాలూ వరసగా వస్తాయి. ఫ్లీట్ ఆ వంశపు కాలక్రమాన్ని నిర్ధారించింది ఈ జాబితాలను పక్కపక్కన పెట్టుకునే.

హెడర్ విలువ వెతుకులాటలో తెలుస్తుంది. ఖగోళ చిత్రాల సాఫ్ట్‌వేర్ ఐరాఫ్‌లో హెచ్‌సెలెక్ట్ అనే ఆదేశానికి ఒక షరతు ఇస్తే, బొమ్మ తెరవకుండానే, వేల ఫైళ్లలోంచి కావలసిన రాత్రివి, కావలసిన ఫిల్టరువి ఏరి ఇస్తుంది. చిక్కేమిటంటే, ఒక వేధశాల ఎక్స్‌పోజర్ సమయాన్ని ఎక్స్‌ప్‌టైమ్ అంటుంది, మరొకటి ఎక్స్‌పోజర్ అంటుంది. ఒక పేరుతో వెతికితే రెండోది జారిపోతుంది. తేదీలో ఏడాదికి మొదట రెండంకెలే ఉండేవి. 2000 దగ్గర పడుతుంటే, 1997లో, నాలుగంకెల రూపానికి మారారు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలోని వందల శాసనాలతో పనిచేసినవారికి ఈ ఇబ్బంది కొత్తది కాదు. ఒకచోట శకవర్షం అంకెల్లో, ఒకచోట మాటల్లో, ఒకచోట రాజ్య సంవత్సరం మాత్రమే. మద్రాసు శాసన శాఖ వార్షిక నివేదికల్లో ఊరు, వంశం, రాజు, తేదీ, భాష అని గళ్లు గీసి శాసనాలను పట్టికలకెక్కించడం ఈ చిక్కుకు విరుగుడే. 1922లో వచ్చిన స్వామికన్ను పిళ్లై పంచాంగ గణిత సంపుటాలు ఆ తేదీలను సరిచూసే పనిముట్లయ్యాయి.

శాసనంలో తిథి వారాలు పుణ్యకాలం కోసం రాసినవే తప్ప చరిత్రకారుడి కోసం కాదు కదా అని ఒక ఆక్షేపణ. నిజమే. ఉత్తరాయణ సంక్రాంతికి అఖండ దీపం పెట్టిన దాత మనల్ని తలచుకోలేదు. అయినా పద్ధతి ఎందుకు పుట్టిందన్నది వేరు, అది ఏం కాపాడిందన్నది వేరు. ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటి: తేదీలు తప్పుతాయి, దొంగ శాసనాలూ ఉన్నాయి. తూర్పు చాళుక్య రాజు జయసింహుడి పాలన ఒక జాబితాలో 30 ఏళ్లు, మరో జాబితాలో 33. కానీ ఆ తప్పు బయటపడిందే జాబితాలు ఒక తీరుగా ఉండబట్టి. వారం తిథితో కలవని శాసనాన్ని పరిశోధకులు అనుమానించగలిగారు కూడా అందుకే. ఫిట్స్‌లోనూ ఫైలు చెడిందేమో పట్టుకోవడానికి చెక్‌సమ్ అనే కీవర్డ్ ఉంది.

ఇప్పుడు కంప్యూటర్లు చిత్రాన్నే చదివేస్తున్నాయి, హెడర్ ఎందుకు అని అడిగేవారూ ఉన్నారు. నక్షత్రాల అమరిక చూసి, అది ఆకాశంలో ఏ భాగమో సాఫ్ట్‌వేర్ పోల్చుకోగలదు. అయితే మామూలు నక్షత్ర చిత్రాన్ని ఏ రాత్రి, ఎన్ని సెకన్లు తీశారో ఆ నక్షత్రాలు చెప్పవు. శాసనాల లిపీ అంతే: శతాబ్దం ఉజ్జాయింపుగా చెబుతుంది, గురువారమని చెప్పదు. వాటికన్ గ్రంథాలయం తన రాతప్రతుల చిత్రాలను దీర్ఘకాలం భద్రపరచడానికి ఖగోళవేత్తల ఫిట్స్‌నే ఎంచుకుంది. మన డెల్టాలోనూ ఆలయ స్తంభాల మీది రాతలను ఫోన్లతో ఫొటోలు తీస్తున్నవారు ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే. ఊరు, గుడి, స్తంభం, ముఖం, శకవర్షం, తిథి, ఫొటో తీసిన రోజు, తీసినవారి పేరు, ఇవన్నీ ఒకే వరసలో, ఒకే పేర్లతో, ఆ ఫైలులోనే రాసి పెట్టండి.