ఎదిగే ఎముక – ఆటల భారం: నూట డెబ్బై ఏళ్ల పాఠం



హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వరకు మామిడి తోటలు పెంచే రైతులకు ఒక నియమం తెలుసు. అంటు మొక్కకు మొదటి రెండు మూడేళ్లలో పూత వచ్చినా ఉంచరు, తుంచివేస్తారు. లేత వయసులో కాపు మోస్తే మొక్క ఎదుగుదల కుంటుపడుతుంది. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో ఆడే మన పిల్లల విషయంలో ఇంత జాగ్రత్త వహిస్తున్నామా? ఆట మాన్పించమని నా ఉద్దేశం కాదు. భారం ఎంత, ఎంత త్వరగా పెరుగుతున్నది అన్నదే ప్రశ్న. వైద్యశాస్త్రం దీనికి సమాధానం వెదికిన తీరు ఆసక్తికరమైనది.

1855లో ప్రష్యా సైన్యపు వైద్యుడు బ్రైట్‌హాప్ట్, దూరాలు నడిచిన సైనికుల పాదాలు నొప్పితో వాచిపోవడం గమనించి నమోదు చేశాడు. దెబ్బ తగలలేదు, పడిపోలేదు. కారణం ఆనాడు తేలలేదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. రెండేళ్లకే, 1897లో, అలాంటి పాదాల ఎముకలు విరిగి ఉన్నాయని ఎక్స్‌రే చిత్రాలు చూపించాయి. నేడు మనం స్ట్రెస్ ఫ్రాక్చర్ అనేది ఇదే. ఈ మధ్యకాలంలోనే, 1892లో, జర్మన్ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ మరో సత్యం చెప్పాడు: తనపై పడే భారానికి తగినట్లు ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుంది. రెండింటినీ కలిపి చదవండి. భారం ఎముకను బలపరుస్తుంది. కోలుకునే వ్యవధి ఇవ్వకపోతే అదే భారం విరుస్తుంది.

ఎదిగే వయసులో మరో చిక్కు ఉంది. 1903లో అమెరికాలో రాబర్ట్ ఆస్‌గుడ్, స్విట్జర్లాండ్‌లో కార్ల్ ష్లాటర్ విడివిడిగా ఒకే బాధను వర్ణించారు: మోకాటి చిప్ప కింద, కాలి ఎముక పైభాగాన నొప్పి, బొడిపె. ఒక్కసారిగా పొడవు పెరిగే రోజుల్లో ఎముక ముందు సాగుతుంది, కండరం వెనుకబడుతుంది. ప్రతి దూకులోనూ బిగుసుకున్న కండరం, ఇంకా గట్టిపడని ఎముక అంచును లాగుతుంది. "ఎదిగే నొప్పులులే" అని మనం కొట్టిపారేసేది చాలాసార్లు ఇదే.

భారాన్ని కొలిచే సులువైన పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫోస్టర్ బృందం 2001లో వివరించింది. సాధన ఎంత కష్టంగా ఉందో పిల్లవాడినే సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమనాలి. దాన్ని సాధన చేసిన నిమిషాలతో గుణించాలి. ఇప్పుడు మన ఊరి లెక్క చూద్దాం. పరీక్షల కోసం మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆట దాదాపు ఆగిపోతుంది. అంతకుముందు రోజుకు 60 నిమిషాలు, కష్టం 4 అనుకుంటే భారం 240. మేలో శిబిరం మొదలై ఉదయం 90, సాయంత్రం 90 నిమిషాలు, కష్టం 7 అయితే భారం 1,260. అయిదు రెట్లకు మించి! ఎముకకు సెలవుల క్యాలెండరు తెలియదు కదా!

బడి తెరిచాక మండల, జిల్లా, రాష్ట్ర పోటీలు. సంక్రాంతికి ఊరి టోర్నమెంట్లు. బాగా ఆడే పిల్లలను రెండు జట్లూ రమ్మంటాయి. ప్రతి శిక్షకుడూ తన ఆటనే లెక్కిస్తాడు. మొత్తం కూడేవారు ఉండరు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది.

భారంతో పాటు కదలిక తీరూ ముఖ్యమే. నార్వేలో 15–17 ఏళ్ల హ్యాండ్‌బాల్ క్రీడాకారులు 1,837 మందిపై జరిగిన పరిశోధన 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సాధనకు ముందు 15–20 నిమిషాలు పరుగు, మలుపు, దూకి దిగడం, తూకం, కండబలం అభ్యసించిన జట్లలో మోకాలు, చీలమండ గాయాలు 48. అభ్యసించని జట్లలో 81. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. దూకి దిగేటప్పుడు మోకాళ్లు వంగాలి, పాదాల దిశలోనే ఉండాలి, లోపలికి వాలకూడదు. దీన్ని మట్టి మైదానంలోనూ నేర్పవచ్చు.

ఇంతవరకు క్షేమం, ఇది దాటితే గాయం అనే కచ్చితమైన గీత ఏ శాస్త్రమూ గీయలేదు. అందుకే సంకేతాలను గమనించండి. ఎముకపై ఒకేచోట నొక్కితే నొప్పి, కుంటడం, విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి, వాపు కనిపిస్తే ఆట ఆపి ఎముకల వైద్యుని చూపించండి. మర్దనతో సరిపెట్టవద్దు. తొలి వారాల్లో ఎక్స్‌రేలో స్ట్రెస్ ఫ్రాక్చర్ కనబడకపోవచ్చు. "ఏమీ లేదు" అన్న తరువాతా నొప్పి ఉంటే మళ్లీ వెళ్లండి.

తల్లిదండ్రులు ఒక నోటు పుస్తకం ఉంచండి. ఏ జట్టు తరఫునైనా సరే, ఆడిన నిమిషాలు, కష్టపు అంకె రోజూ రాయండి. వారానికి ఒక పూర్తి విశ్రాంతి రోజు ఉందో లేదో చూడండి. శిబిరం మొదటి వారం సగం భారంతో ఆరంభించమని శిక్షకుణ్ణి అడగండి. మంచి శిక్షకుడు కాదనడు.