ముందు చక్రాలకు బ్రేకు: ఒక భయము చరిత్ర

మోటారు కారునకు నాలుగు చక్రములున్నప్పుడు నాలుగింటికిని బ్రేకు ఉండవలెనన్నది నేడు చర్చింపవలసిన విషయముగా మనకు తోచదు. కాని మోటారు పుట్టిన తరువాత చాలకాలము వరకు వెనుక చక్రాలకు మాత్రమే బ్రేకులు అమర్చి, ముందు చక్రాల జోలికి పోరాదని వాదించినవారు యంత్రవిద్యలో ఆరితేరినవారే. వారి భయమునకు కారణము తెలిసినచో, ముందొక రకము, వెనుకనొక రకము ప్యాడ్లు వేయించిన బండి ఏల అదుపు తప్పునో కూడ బోధపడును.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త నిర్మించిన మూడు చక్రాల బండిపై, ఆయనకు చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మన్‌హైము నుండి ఫోర్జ్‌హైముకు నూరు కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేసెను. దిగుడు దారులలో బ్రేకు దిమ్మెలు అరిగిపోగా, దారిలోని ఒక గ్రామమున చెప్పులు కుట్టువానిచేత వాటికి తోలు తొడిగించెను. బ్రేకు లైనింగునకు ఆదిరూపము ఆ తోలుముక్కయే.

ఇంగ్లండులోని డెర్బీషైరులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనునాతడు, గుఱ్ఱపు బండ్లవారు కొండ దిగునపుడు పాతబూటును చక్రమునకు అడ్డుపెట్టుట చూచి, 1897లో లైనింగుల తయారీకి పూనుకొనెను. తన ఇంటిపేరులోని అక్షరములను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని తొలి అక్షరమును చేర్చి, సరకునకు ఫెరోడో అని నామకరణము చేసెను. భార్య పేరు బ్రేకునకు పెట్టుటలోని చమత్కారమును శ్రోతలే ఊహించుకొందురు గాక! తరువాత వచ్చిన ఆస్‌బెస్టాస్ లైనింగులు వేడికి బాగుగా ఓర్చినవి; కాని ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలినందున బ్రిటను 1999లో దానిని పూర్తిగా నిషేధించినది. దాని స్థానమున లోహపు నార, పింగాణి వంటి పదార్థములు, కృత్రిమపు నారలు ప్రవేశించినవి. ఒక్కొక్క మిశ్రమపు పట్టు ఒక్కొక్క తీరు.

ఇక ముందు బ్రేకు కథ. ముందు చక్రములు బండిని మలుపు త్రిప్పునవి. అవి బిగిసిపోయినచో స్టీరింగు పలుకదు, ఒక చక్రము ఎక్కువగా పట్టినచో బండి ప్రక్కకు లాగును. ఇదియే నాటి భయము. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకును ద్రవపీడనముతో పనిచేయు బ్రేకులతో వచ్చినది. కాని అది శ్రీమంతుల బండి. మొదటి ప్రపంచయుద్ధపు విమానవీరుడు ఎడ్డీ రికెన్‌బాకర్ పేరిట వెలసిన సంస్థ 1923లో మధ్యతరగతి ధరకు నాలుగు చక్రాలకును బ్రేకులుగల బండిని అందింపగా, పోటీదారులు నాలుగు చక్రాల బ్రేకు ప్రమాదకరమని ప్రచారము సాగించిరి. ఆ సంస్థ 1927లో మూతపడినది. ప్రచారము చేసినవారు మాత్రము కొద్ది యేండ్లలోనే తమ బండ్లకును అవే బ్రేకులు అమర్చుకొనిరి. వర్తకమున ఇట్టివి క్రొత్త గావు.

వేయి కిలోల బండి ఒకటి అనుకొందము. నిలిచియున్నప్పుడు ముందు ఇరుసుపై 500, వెనుక 500 కిలోలు. ఇరుసుల మధ్య రెండున్నర మీటర్లు, బరువు కేంద్రము అర మీటరు ఎత్తు. గురుత్వాకర్షణలో పదింట ఎనిమిది వంతుల బలముతో బ్రేకు వేసినచో 160 కిలోల భారము ముందుకు ఒరగును. ముందు 660, వెనుక 340. కావున పనిలో పెద్దవాటా ముందు బ్రేకులదే. నిర్మాతలు ఈ లెక్క చూచియే ముందు వెనుకల పాలు పంచుదురు. వెనుక, పట్టు ఎక్కువగల లైనింగు వేసినచో, తేలికపడిన వెనుక చక్రములు ముందుగా బిగియును. బిగిసిన చక్రమునకు ప్రక్కకు జారకుండ ఆపుశక్తి ఉండదు. తోక ముందునకు వచ్చును. ముందువి ముందుగా బిగిసినచో మలుపు తిరుగదు గాని, బండి నేరుగానే పోవును.

డ్రమ్ము బ్రేకులో ఇంకొక మెలిక కలదు. తిరుగుచున్న డ్రమ్మే ఒక షూను తనలోనికి లాగుకొనును గనుక, లైనింగు పట్టులో స్వల్పభేదము బ్రేకు బలములో పెద్ద భేదమగును. నా చిన్ననాట మా నాన్నగారి అంబాసిడరునకు ఒక మెకానిక్కు వెనుక లైనింగులు మాత్రము వేఱొక రకమువి వేసెను. తొలకరి జల్లు పడిన ఘాటురోడ్డుపై బ్రేకు నొక్కగానే బండి వెనుక భాగము లోయవైపు తిరిగి, పిట్టగోడకు జానెడు దూరమున ఆగినది. అమ్మ ఆనాడు తిరిగి కారెక్కలేదు. బస్సులో ఇల్లు చేరినది.

అయినను భేదమే దోషమనరాదు. 1955 నాటి సిట్రోయెన్ డి.ఎస్.కు ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. లెక్క చూచి చేసిన భేదమది. 1978లో మెర్సిడెస్ కార్లకు బాష్ సంస్థ అందించిన ఎలక్ట్రానిక్ యంత్రాంగము చక్రము బిగియుటను అరికట్టును గాని, వేడెక్కి పట్టు వదలిన ప్యాడునకు పట్టు తెచ్చియీయలేదు.

బదులుగా వేయు లైనింగు పనితీరు అసలుదానికంటె 15 శాతమునకు మించి తేడాపడరాదని ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థికసంఘపు 90వ నిబంధన విధించుచున్నది. ముందు ప్యాడు 15 శాతము తక్కువది, వెనుకది 15 శాతము ఎక్కువది ఒకే బండిలో కలిసినచో, ముందు వెనుకల నిష్పత్తి ముప్పదియైదు శాతము వఱకు మారును.