కాలేజీ చదువునకు దారి చూపువారు



ఊరు విడిచి కాలేజీకి పోయిన పిల్లవాడు ఏ పాఠములు తీసికొనవలెనో చెప్పువారెవరు? మన పూర్వుల కాలమున ఈ ప్రశ్నయే లేదు. కావ్యము ముగిసిన పిదప వ్యాకరణమో తర్కమో గురువే నిర్ణయించెడివాడు.

అమెరికాలోను మొదట ఇట్లే యుండెను. 1636లో వెలసిన హార్వర్డు కాలేజీలో బహుకాలము లాటిను, గ్రీకు, గణితములే అందఱికిని ముఖ్యమైన చదువు. 1869లో చార్లెసు ఎలియటు అను 35 ఏండ్ల రసాయన శాస్త్రజ్ఞుడు దానికి అధ్యక్షుడై, విద్యార్థి తన పాఠములను తానే యెంచుకొనవలెననెను. 1872లో చివరి యేటివారికి, 1879లో మూడవ యేటివారికి, 1884లో రెండవ యేటివారికి నిర్బంధములు సడలెను. కాని పిల్లవాని చేతికి రూకలిచ్చి ఒంటరిగా సంతకు పంపినట్లాయెను. పలువురు తేలికయైన తొలిమెట్టు పాఠములనే యేఱుకొనిరన్న ఫిర్యాదు బయలుదేఱెను.

బాల్టిమోరు నగరమున 1876లో తెఱచిన జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయము వేఱొక మార్గము త్రొక్కెను. పాఠములను కొన్ని గ్రూపులుగా కూర్చి, వానిలో నొకదానిని కోరుకొమ్మనిరి. మన ఇంటరు గ్రూపుల నెఱిగినవారికి ఇది వింతగా తోచదు. అంతటితో నిలువక, విద్యార్థికి సలహాదారుగా ఒక ఆచార్యుని నియమించిరి. 1889లో ఆ సలహాదారులకు ఎడ్వర్డు గ్రిఫిను పెద్దయయ్యెను. హార్వర్డులో ఎలియటు తరువాత 1909లో వచ్చిన లోవెలు, ఒక విషయమున లోతుగాను, తక్కినవానిలో కొంత కొంతగాను చదువవలెనని కట్టడి చేసెను.

ఎలియటు మాట సగము నిజమని నా తలంపు. తండ్రితాతలు కాలేజీ చదివిన యింటి పిల్లవానికి ఇంటనే సలహా దొరకును. స్వేచ్ఛ వానికి చెల్లును. ఆ భాగ్యము లేనివానికో?

మన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని కథయే చూడుడు. 1888లో తిరుత్తణి ప్రాంతమున బీద కుటుంబమున జన్మించిన ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రము నేల తీసికొనెను? అచ్చటనే చదివి ముగించిన బంధువొకడు తన పుస్తకముల నిచ్చెను. కొనవలసిన పని తప్పెను. లోకమున కొక తత్త్వవేత్త లభించెను గాని, ఆనాడు సలహాదారు లేమియే! ఆ బంధువు గణితము చదివియుండినచో ఏమయ్యెడిదో! ఇట్టి అదృష్టము పట్టని బీదపిల్ల లెందఱో, వారి పేళ్లు ఏ చరిత్రలోను లేవు.

ఆ రాధాకృష్ణ పండితుడే 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు అధ్యక్షుడై, ఉపన్యాసములతో సరిపెట్టక, ఆచార్యుడు కొలది మంది విద్యార్థులను దగ్గఱకు తీసి బోధించు ట్యుటోరియలు పద్ధతిని పెంపొందింపవలెనని కోరెను. నేడు మన కాలేజీలు పెక్కింటిలో మెంటరు అను పేరుతో ఒక్కొక్క ఉపాధ్యాయునికి కొందఱిని అప్పగించుచున్నారు. సెలవులకు మనుమడు ఇంటికి వచ్చినపుడు, ఆ మెంటరు పేరేమో, ఆయనతో ఎన్నిమార్లు మాటాడెనో అడిగి చూడుడు.