విత్తనాల అంగడిలో పుట్టిన రేడియో

మధ్యాహ్నమున వార్తలు, ఆ వెంట ధాన్యపు ధరలు, వాతావరణ సూచన, స్త్రీల కార్యక్రమము: ఈ వరుస రేడియో గల ప్రతి ఇంటికిని పరిచితమే. ఎవరో ఒక పెద్ద కార్యాలయమున కూర్చుండి దీనిని నిర్ణయించి యుందురని శ్రోతలు తలంతురు. మన దేశమున అది చాలవరకు నిజము. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అయోవా రాష్ట్రమున మాత్రము ఇది మరియొక విధముగ ఏర్పడినది. అచ్చట 1920వ దశకమున విత్తనములమ్ము వర్తకులును, వ్యవసాయ కళాశాలవారును, ఒక జీవిత బీమా సంస్థవారును, వెన్నెముకను సవరించు వైద్యము నేర్పు విద్యాలయమువారును ఎవరికి వారే ప్రసార స్తంభములు నిలిపి, చుట్టుపట్ల జనముతో మాటలాడ మొదలిడిరి. ఆ మాటలలో మంచి ఎట్లు పండినదో, చెడుగు ఎట్లు మొలచినదో చెప్పదలచితిమి.

అయోవాకు తూర్పున మిసిసిపీ నది, పడమట మిసౌరీ నది. నడుమ సారవంతమైన నల్లని నేల, మొక్కజొన్న చేలు, పందుల పెంపకము. విస్తీర్ణమున నేటి ఆంధ్రప్రదేశము కంటె కొంచెము చిన్నదైన ఈ రాష్ట్రమున 2020 నాటి లెక్కలలో జనసంఖ్య 32 లక్షలే. రైతుల ఇండ్లు మన పల్లెలలోవలె ఒకదానినొకటి ఆనుకొని యుండవు. ఎవరి పొలము నడుమ వారి ఇల్లు. శీతకాలమున మంచు కురిసి బాటలు మూసికొన్నచో, పొరుగువారి మొగము చూచుటకు ఎన్నినాళ్లు పట్టునో చెప్పలేము. 1935 ప్రాంతమున అమెరికాలోని వ్యవసాయ క్షేత్రములలో సుమారు పదింట ఒకదానికి మాత్రమే విద్యుత్తు అందినది. కావున ఎన్నో ఇండ్లలో దీపమునకు కిరసనాయిలు, రేడియోకు బ్యాటరీ. వెలుతురు రాకమునుపే ఆ ఇండ్లలోనికి గొంతు వచ్చినది.

ముందు వచ్చినది కళాశాల గొంతు. ఏమ్స్ పట్టణమున నున్న అయోవా రాష్ట్ర కళాశాల 1922లో డబ్ల్యు.ఓ.ఐ. అను కేంద్రమునకు అనుమతి పొందినది. అది తొలినాళ్లలోనే చేపట్టిన పనులలో ముఖ్యమైనది పశువుల, ధాన్యముల అంగడి ధరలను చదువుట. ఇది చిన్న పనిగ తోచవచ్చును. కాని పందులను తోలుకొని పోయి అమ్ము రైతునకు నిన్నటి ధర పత్రికలో నేడు తెలియుటకును, నేటి ధర నేడే తెలియుటకును ఎంతయో భేదమున్నది. ఆ భేదము మునుపు కొనువాని సంచిలోనికి పోవుచుండెను.

ఇచ్చట ఒక చిన్న మాట. అమెరికాలో మిసిసిపీకి తూర్పు కేంద్రముల పేళ్లు 'డబ్ల్యు' అక్షరముతోను, పడమటివి 'కె' అక్షరముతోను మొదలగుట ఆచారము. అయోవా అంతయు నదికి పడమటనే యున్నది. అయినను దాని పాత కేంద్రములలో కొన్ని 'డబ్ల్యు'తో మొదలగును. 1923కు ముందు ఆ విభజన రేఖ ఇంకను పడమటగా నుండుటయే దీనికి కారణము.

అయోవాలోని వెస్ట్ బ్రాంచి అను చిన్న యూరిలో 1874లో జన్మించిన హెర్బర్టు హూవరు 1922లో వాణిజ్య శాఖకు కార్యదర్శి. ఆ ఏట జరిగిన మొదటి జాతీయ రేడియో సమావేశమున ఆయన, ఇంతటి సేవాసాధనమును ప్రకటనల గోలలో ముంచివేయుట ఊహింపరానిదని చెప్పెను. రెండేండ్లు తిరుగకముందే ఆయన సొంత రాష్ట్రమున విత్తనాల వర్తకుడొకడు తన సరుకును గాలిలో పొగడుకొన మొదలిడెను!

ఆ వర్తకుడు హెన్రీ ఫీల్డు. రాష్ట్రపు నైరుతి మూలనున్న షెనండోవా పట్టణ జనసంఖ్య ఆ కాలమున ఐదారు వేలు. అచ్చట ఆయనకు విత్తనముల అంగడి యుండెను. 1924లో ఆయన కె.ఎఫ్.ఎన్.ఎఫ్. కేంద్రమును స్థాపించెను. ఆ అక్షరములకు 'స్నేహముగ నుండుడు, నొసలు ముడువకుడు' అను అర్థమును కల్పించిరి. ఫీల్డు తానే మైకు ముందు కూర్చుండి, అరుగుమీద కూర్చున్న పెద్దమనిషివలె మాటలాడెడివాడు. ఏ విత్తనము ఎప్పుడు నాటవలెనో, ఏది మొలవదో చెప్పెడివాడు. నడుమ తన విత్తనములను, పిదప చెప్పులను, కాఫీని, కారు టైర్లను గూడ అమ్మెడివాడు. అదే పట్టణమున ఆయనకు పోటీదారు ఎర్ల్ మే. ఈయనదియు విత్తనముల వ్యాపారమే. 1925 ఆగస్టులో ఈయన కె.ఎం.ఏ. కేంద్రమును తెరచెను. ఆ మరుసటి యేట ఒక రేడియో పత్రిక జరిపిన పోటీలో పాఠకులు ఎర్ల్ మేను ప్రపంచమున కెల్ల జనాదరణ గల అనౌన్సరుగ ఎన్నుకొని బంగారు గిన్నె నిప్పించిరి. 1927లో ఆయన వేయిమంది కూర్చుండదగిన మేఫేర్ అను ప్రేక్షకశాలను కట్టించెను. ఇంటికడ విన్న గొంతును కన్నులార చూడవలెనని పల్లెల జనము కార్లలో తరలివచ్చెడిది. వచ్చినవారు విత్తనముల పొట్లములు కొనకుండ తిరిగి పోవుదురా?

మనకు సంబంధించిన ఒక విషయమును ఇచ్చట తలచికొనక తప్పదు. ఫీల్డు కేంద్రము పలికిన 1924లోనే మద్రాసున సి.వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు ప్రారంభించెను. ధనము చాలక 1927లో దానిని మూసివేయవలసి వచ్చినది. షెనండోవాలో ఆ లోటు లేకపోయినది. అచ్చట అంగడి రేడియోను పోషించెను, రేడియో అంగడిని పెంచెను. మన వద్ద ఆ భారమును తరువాత ప్రభుత్వము వహించినది. రెండింటిలో ఏది మేలని శ్రోతలు మమ్ము అడిగినచో, మేము కొలువున నున్న పక్షమునే పలుకుదుమని అనుకొనవచ్చును. అందుచే తీర్పు చెప్పము, కథ చెప్పెదము.

పురుషులు విత్తనములు అమ్ముచుండగా, ఆ కేంద్రములకు ప్రాణము పోసినవారు స్త్రీలు. హెన్రీ ఫీల్డు చెల్లెలు లియానా డ్రిఫ్ట్‌మయరు ఏడుగురు బిడ్డల తల్లి. 1926లో ఆమె అన్నగారి కేంద్రమున తల్లుల కొరకైన కార్యక్రమమును చేపట్టెను. తరువాత దానికే 'కిచెన్ క్లాటర్' అను పేరు వచ్చినది. వంటింటి చప్పుడు అని చెప్పుకొనవచ్చును. 1930లో కారు ప్రమాదమున ఆమె వెన్నెముక విరిగినది. నాటినుండి ఆమె చక్రముల కుర్చీకే పరిమితమైనను మాట మానలేదు. ఇంటిలోనే మైకు అమర్చుకొని, అచ్చటనుండియే ప్రసంగించెను. వంటకపు పాళ్లు చెప్పునప్పుడు, వినువారు పెన్సిలుతో వ్రాసికొనుటకు వీలుగ మెల్లగ చెప్పెడివారు. పిల్లలకు జ్వరము, తోటలో టమాటాలు, ఉత్తరములు వ్రాసిన ఇల్లాండ్రకు జవాబులు, యుద్ధకాలమున కుమారుల క్షేమసమాచారము: ఇవియే విషయములు. ఆమె తరువాత కుమార్తెలు దానిని కొనసాగించిరి. దాదాపు 60 సంవత్సరములు ఒక కుటుంబపు వంటిల్లు ఆ సీమకంతకును తెరచియే యుండెను.

కె.ఎం.ఏ. వద్ద జెస్సీ యంగు, ఆ తరువాత ఎందరో ఇట్టి 'రేడియో గృహిణులు' వచ్చిరి. వారిలో 1950 నుండి మాటలాడిన ఎవెలిన్ బర్క్‌బీ తరువాత వీరందరి చరిత్రను గ్రంథముగ వ్రాసెను. వీరి పనికి అచ్చటివారు పెట్టుకొన్న పేరు గాలిలో ఇరుగుపొరుగు చేయుట. ఇంతకంటె చక్కని నిర్వచనము రేడియోకు మేమెచ్చటను వినలేదు. కె.ఎం.ఏ. వారు 1944 నుండి కార్యక్రమములను, వంటకములను, ప్రసంగకుల ఛాయాచిత్రములను చేర్చి ఒక మాసపత్రికను గూడ అచ్చువేసిరి. ఈ పత్రికను చేతబట్టిన పాఠకులకు దానిని వేరుగ వర్ణింప నక్కరలేదు. ఆ దినములలోనే ఐక్ ఎవర్లీ అను గాయకుడు తన ఇద్దరు పసివాండ్రతో ఆ కేంద్రమున పాడెడివాడు. డాన్, ఫిల్ అను ఆ పిల్లలే తరువాత ఎవర్లీ సోదరులుగ లోకప్రసిద్ధులైరి.

పెద్ద పట్టణముల కథ వేరు. మిసిసిపీ తీరమున డావెన్‌పోర్టులో వైద్య విద్యాలయాధిపతి బి.జె. పామరు 1922లో డబ్ల్యు.ఓ.సీ. కేంద్రమును సంపాదించెను. రాజధాని డి మోయిన్‌లో బీమా సంస్థ 1924లో స్థాపించిన డబ్ల్యు.హెచ్.ఓ. కేంద్రమును గూడ 1930లో ఆయన కొనెను. ఈ సంస్థలలో 1932 చివర కొలువు సంపాదించిన యువకుడు రోనాల్డు రేగను. ఆయన ఎన్నో మైళ్ల దూరమున షికాగోలో జరుగు బేస్‌బాల్ ఆటను డి మోయిన్ గదిలో కూర్చుండి, తంతి ద్వారా వచ్చు రెండు మూడు ముక్కలను బట్టి, కన్నులయెదుట జరుగుచున్నట్లు వర్ణించెడివాడు. ఒకనాడు నడుమ తంతి తెగినదట. ఏమి చేయుటకును తోచక, లెక్కకు ఎక్కని పక్కదెబ్బలనే ఆటగానిచేత వరుసగ కొట్టించుచు, తంతి అతుకువరకు నెట్టుకొని వచ్చితినని ఆయనయే పలుమారు చెప్పుకొనెను. ఆయన 1981లో అమెరికా అధ్యక్షుడగుట అందరెరిగినదే. అదే కేంద్రమున 1936 నుండి వ్యవసాయ విభాగమును నడపిన హెర్బ్ ప్లాంబెక్ అంతటి ప్రసిద్ధుడు కాడు. కాని అయోవా రైతునకు ఆయనయే దగ్గరివాడు. ఆయన చేపట్టిన దుక్కి పోటీలు జాతీయోత్సవములుగ పెరిగి, 1948 సెప్టెంబరులో డెక్స్‌టరు వద్ద జరిగిన పోటీకి అధ్యక్షుడు ట్రూమను వచ్చి ఎన్నికల ప్రసంగము చేయునంతటివైనవి.

విత్తు గురించి చెప్పిన గొంతును రైతు నమ్ముట ఒక్క అయోవాకే చెందినది కాదు. 1960వ దశకమున తంజావూరు సీమలో ఏ.డి.టి. 27 అను వరివంగడము ఆకాశవాణి ప్రచారముచే ఎంత వ్యాపించెననగా, రైతులు దానిని 'రేడియో వడ్లు' అనియే పిలిచిరి. ఇట్టి నమ్మకము గొప్ప ధనము. ధనమున్నచోట దొంగ కూడ చేరును.

అయోవాలో ఆ దొంగ పేరు నార్మన్ బేకరు. మిసిసిపీ ఒడ్డున మస్కటీను పట్టణమున గాలితో పలుకు ఒక వాద్యమును తయారుచేసి అమ్ముకొనెడివాడు. 1925లో అతడు కె.టి.ఎన్.టి. అను కేంద్రమును నెలకొల్పెను. 'నగ్న సత్యమును తెలిసికొనుడు' అని దాని అర్థము. పెద్ద కంపెనీలను, వైద్యులను, ప్రభుత్వమును తిట్టుచు, చిన్న రైతు పక్షమున నిలిచిన ఏకైక వీరునిగ తన్ను తాను చూపుకొనెను. రైతులు నమ్మిరి. పిమ్మట అతడు క్యాన్సరును శస్త్రచికిత్స లేకయే కుదుర్తునని వైద్యశాల తెరచి, తన రేడియోలోనే దానిని చాటుకొనెను. రోగులు దూరప్రాంతములనుండి కదలివచ్చిరి. నిజమైన చికిత్సకు వలసిన కాలమును అచ్చట పోగొట్టుకొన్నవారి దుఃఖమునకు కొలత లేదు.

అంతటితో ఆగినను ఒక తీరుగ నుండెడిది. పశువులకు క్షయ యున్నదో లేదో పరీక్షింపవలెనని ఆ రాష్ట్రమున శాసనముండెను. రోగపు ఆవుపాలవలన బిడ్డలకు క్షయ సోకును గనుక ఆ పరీక్ష అవసరమైనది. ఆ పరీక్ష పశువులను చెరచునని బేకరు గాలిలో ఘోషించెను. అసలే ధరలు పడిపోయి కుమిలియున్న సీడరు కౌంటీ రైతులు పశువైద్యులను తరిమిరి. 1931 సెప్టెంబరులో గవర్నరు డాన్ టర్నరు సైనికులను పంపి, వారి కాపుదలలో ఆవులకు పరీక్ష చేయింపవలసి వచ్చినది. దీనిని అయోవా చరిత్రలో 'ఆవుల యుద్ధము' అందురు. వినుటకు నవ్వు వచ్చును గాని, తుపాకులు నిజమైనవే.

అప్పటికే ఫెడరల్ రేడియో కమీషను బేకరు అనుమతిని పొడిగింప నిరాకరించి, 1931 జూనులో అతని కేంద్రమును మూయించెను. 1927 నాటి శాసనము ప్రకారము ప్రసారకుడు ప్రజాహితమునకు, సౌకర్యమునకు, అవసరమునకు పాటుపడవలెను. సొంత పగలకును, సొంత సరుకునకును గాలిని వాడుకొనుట దానిక్రిందికి రాదని తీర్పు. ఇచ్చట ఒక చిక్కు గలదు. సొంత సరుకును గాలిలో అమ్ముకొనుట ఫీల్డు, మే చేయలేదా? చేసిరి. కాని వారి విత్తనము మొలవకున్న వేసవి రాకముందే ఊరంతయు ఎరుగును. అమ్మినవాడు అదే వీధిలో నడువవలెను. బేకరు మందు పనిచేయలేదని చెప్పుటకు రోగి మిగిలి యుండడు. మాకు తోచిన భేదమిది. బేకరు సరిహద్దు దాటి మెక్సికోలో పెద్ద కేంద్రమును కట్టి ఉత్తరమునకు గొంతెత్తెను. తరువాత ఆర్కన్సాలో మరల వైద్యశాల పెట్టి, తపాలా మోసముక్రింద 1940లో శిక్షపడి జైలునకు పోయెను.

కేంద్రము ఎవరిదో ఊరు ఎరిగి యుండుట అను ఆ పాత రక్షణ 1996లో సడలినది. ఒక సంస్థ దేశమంతట ఇన్నికంటె ఎక్కువ రేడియో కేంద్రములను కలిగి యుండరాదను కట్టడిని ఆ యేటి శాసనము తొలగించెను. కొలది యేండ్లలో టెక్సాసుకు చెందిన ఒక సంస్థ దేశమున 1,200కు పైగా కేంద్రములను చేజిక్కించుకొనెను. పామరు నాటి డబ్ల్యు.హెచ్.ఓ., డబ్ల్యు.ఓ.సీ. రెండును దాని చేతికే చేరినవి. విశ్వవిద్యాలయముల కేంద్రములు 2004లో అయోవా పబ్లిక్ రేడియో అను ఒకే నిర్వహణక్రిందికి వచ్చినవి.

2020 ఆగస్టు 10వ తేదీన పడమటినుండి గోడవలె వచ్చిన పెనుగాలి సీడరు రాపిడ్సు నగరమును కొన్ని గడియలలో చిందరవందర చేసెను. లక్షలాది ఇండ్లకు విద్యుత్తు పోయినది. సెల్‌ఫోనులు మూగవోయినవి. ఆ దినములలో ఎందరో వాకిట నిలిచిన కారులో కూర్చుండియు, మూలబడిన బ్యాటరీ రేడియోను వెదకి తెచ్చుకొనియు, తమ ఊరి గొంతు కొరకు ముల్లు త్రిప్పిరి.